ఆంగ్లేయుల నోట తెలుగు పేర్లు

ఒక భాషలోని పేరు మఱియొక భాషలోనికి పోయినప్పుడు రూపము మార్చుకొనుట లోకస్వభావము. అతిథి తాను చేరిన యింటి కట్టుబాటునకు లోబడినట్లు, పదమును తాను చేరిన భాషయొక్క ఉచ్చారణకును లిపికిని లోబడును. ఈ మార్పును వికారమని యీసడించుట సులభము. కాని దానికొక క్రమము కలదు, కారణములును గలవు. తెలుగునాటికి వెలుపల తరతరములుగా కాపురమున్న తెలుగువారికి ఈ క్రమము నెఱుగుట వినోదమాత్రము గాదు. ఏలయన, వారి పిల్లలు తమ పేర్లను మొదట చూచుచున్నది తఱచుగా తెలుగులిపిలో గాదు, ఆంగ్లలిపిలో.

ఈ విషయమున తెలుగువారు ఇతరులను నిందింప దగదు. పోర్చుగీసువారిని బుడతకీచులనియు, ఫ్రెంచివారిని పరాసులనియు, హాలండు దేశీయులను ఒలందావారనియు మన పెద్దలు పిలిచిరి. ఆంగ్లపదము ఆసుపత్రియైనది, లాంతరైనది. పోర్చుగీసు పదము తువాలైనది, బొత్తామైనది. ఈ పదములు పుట్టినయింటివారికి గుర్తుపట్టరానంతగా మాఱి, మనకు సొంతములైనవి. ఆంగ్లేయులు మన పదములకు చేసినదియు ఇదియే.

మార్పునకు మొదటి కారణము ధ్వని. ఆంగ్లమున పదములోని యొక అక్షరముపై ఊనిక పడును. తక్కిన అక్షరములు బలహీనములై కుదించుకొని పోవును. తెలుగు, తమిళములవంటి భాషలలో ప్రతి యక్షరమును తన కాలమును తాను పొందును. కావుననే చెన్నపట్టణములోని తిరువల్లిక్కేణి వారి నోట ట్రిప్లికేన్ ఐనది. తిరుచిరాపల్లి ట్రిచినాపలియై, తుదకు ట్రిచియైనది. విశాఖపట్టణము వైజాగపటమై, వైజాగై నిలిచినది. ఆంగ్లేయులు 1611లో వర్తకశాల నెలకొల్పిన మచిలీపట్నము వారి వ్రాతలలో చకారము పోయి సకారము వచ్చి మసూలిపటమైనది.

రెండవ కారణము లిపి. ఆంగ్లమున అచ్చులకు వాడు అక్షరములు అయిదే. ఒక్కొక్కటి పలు ధ్వనులను దెలుపును. బట్, కట్ అను పదములలో యూ అను అక్షరము మన అకారమునకు దగ్గరగా వినబడును. కావున పూర్వపు ఆంగ్లోద్యోగులు కడపలోని మొదటి యక్షరమునకు సి, యూ వ్రాసిరి. అచ్చు హ్రస్వమని తెలుపుటకు డి అను అక్షరమును రెండుమార్లు వ్రాసిరి. తుది అకారము నిలుచుటకై హెచ్ చేర్చిరి. వారి లెక్కలో ఇది సరియైన వ్రాతయే. కాని ఆ లెక్క నెఱుగనివాడు చదివిన కుడ్డపా యగును. కంభము అను నూరికిని యూ అక్షరము రెండుచోట్ల వచ్చి అదే గతి పట్టినది. ఊరు అని ముగియు నెల్లూరు, ఏలూరు, బెంగళూరు మున్నగునవి తుది అచ్చును గోలుపోయి ఓర్ అను ధ్వనితో ముగిసినవి. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున హంటర్ దొర పేర జరిగిన పద్ధతి కొంత క్రమము గల్పించినను, అప్పటికే వాడుకలో నాటుకొనిన పేర్లు పలుచోట్ల పాతరూపముననే మిగిలిపోయినవి.

మూడవది మధ్యవర్తుల ప్రభావము. తెలుగువారిని ఆంగ్లేయులు చిరకాలము జెంటూలని పిలిచిరి. ఇది అన్యమతస్థుడను అర్థముగల పోర్చుగీసు పదమునుండి వచ్చినది. మొదట హిందువుల కందఱకును వాడిన యీ మాట మద్రాసు ప్రాంతమున తెలుగువారికిని, వారి భాషకును పేరైనది. 1816లో ప్రకటితమైన క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణపు శీర్షికలోనే, ఈ భాష సామాన్యముగా జెంటూ యనబడుచున్నదని పేర్కొనబడినది.

నాల్గవది అర్థభ్రాంతి. తెలియని మాట వినబడినప్పుడు మనస్సు దానిని తెలిసిన మాటవలె మలచుకొనును. మొహరము పండుగలో హసన్, హుసేనుల పేర్లతో చేయు శోకధ్వనిని ఆంగ్ల సైనికులు హాబ్సన్, జాబ్సన్ అను తమ దేశపు పేర్లుగా వినిరి. యూల్, బర్నెల్ పండితులు కూర్చిన ఆంగ్లో ఇండియను పదకోశమునకు, 1886లో ప్రకటితమైనప్పుడు, ఆ జంటపేరే పెట్టబడినది. వ్యాకరణమునందును ఇట్టి భ్రాంతి కలదు. మనము చీటిగుడ్డ యని పిలుచు అద్దకపు వస్త్రమునకు ఆంగ్లేయులు హిందీనుండి చింట్ అను రూపమును గైకొనిరి. దాని బహువచనము చింట్స్. కాలక్రమమున ఆ బహువచనమే ఏకవచనముగా భావింపబడి, నేటికిని చింట్జ్ అని ఆంగ్లమున నిలిచియున్నది.

పై మార్పులవలన మనకు కలిగిన హాని యేమి? ఆలోచించి చూచిన చాలవఱకు ఏమియు లేదు. తెలుగు పందికొక్కు ఆంగ్లమున బాండికూట్ ఐనది. అటుపిమ్మట ఆస్ట్రేలియా దేశమున, కడుపుసంచిలో పిల్లలను మోయు వేఱొక జంతుజాతికి ఆ పేరు పెట్టబడినది. ఐనను తెలుగు రైతు తన పొలములోని జంతువును పందికొక్కనియే పిలుచుచున్నాడు. జెంటూ అను పేరు తెలుగువారి నోట నాటుకొనలేదు; పందొమ్మిదవ శతాబ్దమున అది క్రమముగా మాసిపోయి, తెలుగు అను పేరే నిలిచినది. పరులు పెట్టిన రూపము పరులవద్దనే యున్నంతకాలము సొంతరూపమునకు భయములేదు. దానిని సొంతవారు తమదిగా స్వీకరించినప్పుడే నష్టము మొదలగును.

ఈ స్వీకారము చాల కాలము క్రిందటనే ప్రారంభమైనది. కాలిన్ మెకంజీ వద్ద పనిచేసిన కావలి సోదరులలో నొకడైన వెంకట రామస్వామి, దక్కను కవుల చరిత్రను ఆంగ్లమున రచించి 1829లో కలకత్తాయందు ప్రకటించెను. ఆ గ్రంథమున వారి యింటిపేరు కవెల్లి యని చదువదగిన రీతిలో ముద్రితమైనది. రావు అను పదమునకు ఆ శతాబ్దమున, కలహమను అర్థమున రౌ అని పలుకబడు ఆంగ్లపదపు వర్ణక్రమమునే వాడిరి. దివానుగా ప్రసిద్ధికెక్కిన సర్ టి. మాధవరావు పేరు అట్లే కనబడును. ఆ పదమునకే వరుసయను అర్థమున రో యను ఉచ్చారణయు గలదు. 1860 మొదలు మద్రాసునుండి నేటాలునకు కూలిపనికై ఓడలెక్కిన వారిలోని నాయుళ్ల బిరుదు, తుదిని రెండు ఓకారములు గల నైడూ రూపమున దక్షిణాఫ్రికాలో ఇంటిపేరుగా స్థిరపడినది.

తెలుగునాటికి వెలుపలనున్న వారికి చిక్కు మఱింత హెచ్చు. కల, కళ, కాల, కాళ అను నాలుగింటికిని సామాన్య ఆంగ్లలేఖనమున రూపమొక్కటే. తమిళనాట తకారమునకు టి, హెచ్ రెండును వ్రాయుట వాడుక. మహారాష్ట్రమునందును ఒడిశాయందును తకారమునకు టి మాత్రమే వ్రాసి, థకారమునకు హెచ్ చేర్చుదురు. అందుచే చెన్నపురి పద్ధతిని వ్రాసిన సీత పేరు బొంబాయిలో సీథ యగును. యానాములో 1954 వఱకు సాగిన ఫ్రెంచి పాలనలో వ్యవహారము వేఱు: ఆ భాషలో ఉకారమునకు ఓ, యూ అను రెండక్షరములు కూడవలెను, యానాము పేరే తుది మువర్ణము పోయి అనునాసికాంతమైనది.

ఇంటిపేరునకు కలిగిన ఇక్కట్టు అక్షరములతో ముగియునది గాదు. కందుకూరి వీరేశలింగము అనగా కందుకూరునకు చెందిన వీరేశలింగమని యర్థము. కందుకూరు అను నామము సంబంధమును దెలుపుటకై ఔపవిభక్తికరూపమున కందుకూరి యైనది, అది ముందుండవలసినదే. పాశ్చాత్యుల పద్ధతిని దానిని తుదకు మార్చినచో సంబంధము తెగి, సగము వాక్యము మిగులును. తమిళనాట తండ్రిపేరి మొదటి యక్షరమును మాత్రమే వ్రాయు ఆచారముచే పలు కుటుంబముల యింటిపేరు వ్రాతలోనుండి తొలగినది. ఇంటిపేరు పోయినచో పూర్వులు ఏ యూరినుండి వలసవచ్చిరో తెలుపు ఆనవాలు, కొన్ని కుటుంబములకు ఏకైకమైనది, పోయినట్లే.

ఊళ్లపేర్లను దొరతనమువారు సరిదిద్దవచ్చును, దిద్దుచున్నారు గూడ. కడపకు 2005లోను, ఒడిశాకు 2011లోను, బెంగళూరు, మైసూరు, బళ్లారులకు 2014లోను, రాజమహేంద్రవరమునకు 2015లోను ఆంగ్లమున స్వభాషారూపములు తిరిగి లభించినవి. కాని వ్యక్తి పేరునకు శాసనమేదియు రక్షణ గాదు. దానిని కుటుంబమే కాపాడుకొనవలెను.

ఇందుకు ఆంగ్లలేఖనమును మానవలసిన పనిలేదు. ఉద్యోగపత్రములందు అది తప్పనిది. దానిప్రక్కన తెలుగు రూపము నుంచిన చాలును. బిడ్డను బడిలో చేర్చునప్పుడు పేరును ఇంటిపేరుతోగూడ తెలుగున వ్రాసి యీయవచ్చును. తెలుగు బోధించు బడులలో హాజరుపట్టీయందు ఆ రూపమునే యుంచవచ్చును. శుభలేఖలలో వధూవరుల పేర్లను తెలుగున అచ్చువేయింపవచ్చును. అన్నిటికంటె ముందు, ఇంటిపేరులోని తకారమెట్టిదో, ళకారమెక్కడనో తెలిసిన ముసలివారు ఇంట నున్నప్పుడే అడిగి, వారి యెదుటనే వ్రాసి, చదివి వినిపించి, సరిచూచుకొనవలెను. వారు పోయినపిదప ఆంగ్లపత్రమును జూచి ఆ యక్షరమును దెలుపగలవారుండరు.