పటంలో లేని చుక్క

వికీపీడియాలో హోసూరు పేజీ తెరిస్తే సమాచారపెట్టెలో ఒక పటం, దాని మీద ఒక ఎర్రచుక్క కనిపిస్తాయి. ఆ పటం ఫైలును విడిగా దించుకుని ఎంత పెద్దది చేసి వెతికినా చుక్క దొరకదు. ఊరి పేరూ ఉండదు. గీతలు, రెండు మూడు లేత రంగులు, అంతే. తరగతిలో అక్షాంశాలు, రేఖాంశాలు చెబుతుంటే ఒక పిల్లవాడు "మన ఊరి చుక్కను ఎవరు పెడతారు సార్?" అని అడిగాడు. ఎవరో బొమ్మ గీసేవాళ్ళు పెడతారని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ అది నిజం కాదు. చుక్కను పెట్టేది రెండు తీసివేతలు, రెండు భాగహారాలు.

ఈ చుక్కకు ఒక పోటీదారు ఉండేది, ఇప్పటికీ ఉంది. అదే రంగు పూసిన పటం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. తర్వాతి ఏళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మండలాలకు పేజీలు రాసినప్పుడు ఔత్సాహికులు నడిచింది ఈ దారినే. జిల్లా రేఖాపటం ఒకటి తీసుకుని, అందులో ఒక్క మండలానికి రంగు వేసి, దాన్ని ఒక ఫైలుగా దాచేవారు. పక్క మండలానికి మరో ఫైలు. ఫైలు పేరులో జిల్లా పేరు, 'మండల్స్ అవుట్‌లైన్' అనే మాట, చివర రెండంకెల సంఖ్య. హోసూరు ఉన్న మా కృష్ణగిరి జిల్లాకు ఆనుకుని ఉన్న చిత్తూరు జిల్లాలో అప్పట్లో 66 మండలాలు. అంటే ఈ లెక్కన 66 బొమ్మలు. రాష్ట్రం మొత్తానికి వెయ్యి దాటాయి. జీతం లేదు, పేరు కూడా చాలాసార్లు మారుపేరే. ఆ ఓపికకు దండం పెట్టాల్సిందే.

చిక్కల్లా ఎక్కడంటే, జిల్లా గీత ఒక్కచోట కదిలితే ఆ 66 బొమ్మలూ పాతబడిపోతాయి. గీతలు కదలకుండా ఉంటాయా? హోసూరునే చూడండి. 1965 అక్టోబరు 2 దాకా సేలం జిల్లా, ఆ తర్వాత ధర్మపురి, 2004 ఫిబ్రవరి 9 నుంచి కృష్ణగిరి. ఊరు అంగుళం కదల్లేదు, జిల్లాలు మాత్రం మూడు మారాయి. రంగు పటం గీసేవాడికి మూడుసార్లు పని. చుక్క పెట్టేవాడికి ఏ పనీ లేదు, ఎందుకంటే చుక్కకు జిల్లా అంటే ఏమిటో తెలియదు.

దానికి తెలిసింది రెండు అంకెలే. హోసూరు సుమారు 12.74 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, 77.83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. భారతదేశపు ఖాళీ పటాన్ని గీసినవాళ్ళు దాన్ని ఎక్కడపడితే అక్కడ కత్తిరించలేదు. ఎడమ అంచు సరిగ్గా 67 డిగ్రీల మీద, కుడి అంచు 99 మీద, పై అంచు 37.5 మీద, కింది అంచు 5 మీద పడేలా కోశారు. నా దృష్టిలో అసలు తెలివంతా ఆ కోతలోనే ఉంది. ఇక 77.83లోంచి 67 తీసేస్తే 10.83. పటం మొత్తం వెడల్పు 32 డిగ్రీలు. భాగిస్తే దాదాపు 33.8 శాతం. ఎడమ అంచు నుంచి అంత దూరం. నిలువుకు 37.5లోంచి 12.74 తీసి, మొత్తం ఎత్తు 32.5తో భాగిస్తే 76.2 శాతం. పై నుంచి అంత కిందికి. పేజీ తెరిచిన ప్రతిసారీ బ్రౌజరు ఖాళీ పటాన్ని పరిచి, దాని మీద ఆ శాతాల దగ్గర చిన్న చుక్క బొమ్మను ఆనిస్తుంది. అద్దానికి బొట్టుబిళ్ళ అంటించినట్టు. శాతాలు కాబట్టి ఫోనులో పటం చిన్నదైనా, కంప్యూటరులో పెద్దదైనా చుక్క తన చోటు తప్పదు.

ఇంత తేలిక లెక్క అన్ని పటాల మీదా కుదరదు. డిగ్రీకి డిగ్రీ సమాన దూరంలో ఉండే పటం మీదే కుదురుతుంది. మెర్కేటర్ పటంలో ఉత్తరానికి పోయేకొద్దీ డిగ్రీలు సాగుతాయి, అప్పుడు సంవర్గమానాలు కావాలి. అందుకే వికీపీడియాలో పటాలు గీసేవాళ్ళు ఎక్కువగా పట్టుకున్నది బాగా పాత, బాగా సాదా పద్ధతిని. దాన్ని రెండో శతాబ్దం తొలినాళ్ళ టైరు నగరవాసి మారినస్‌కు ఆపాదిస్తారు. ఆయన తర్వాత వచ్చిన టాలెమీ ఆ పద్ధతిని ప్రపంచపటానికి పనికిరాదని ఆక్షేపించాడు, ప్రాంతాల పటాలకైతే ఫరవాలేదన్నాడు. వికీపీడియాలో జరిగింది దాదాపు టాలెమీ చెప్పిందే. ఆయన మరో మంచి పని కూడా చేశాడు. నకలు రాసేవాళ్ళ చేతుల్లో బొమ్మలు చెడిపోతాయని గ్రహించి, సుమారు 8 వేల చోట్లకు అక్షాంశ రేఖాంశాలను పట్టికగా రాసిపెట్టాడు. అంకెలుంటే పటాన్ని ఎవరైనా మళ్ళీ గీసుకోగలరు.

ఈ పద్ధతిలో ఒక వంకర ఉంది. మన దేశం నడిమధ్య, 21 డిగ్రీల దగ్గర, ఒక రేఖాంశ డిగ్రీ నేల మీద 104 కిలోమీటర్లే, అక్షాంశ డిగ్రీ దాదాపు 111. రెంటినీ సమానంగా గీస్తే దేశం కాస్త పొట్టిగా, లావుగా కనబడుతుంది. అందుకని పటాన్ని నిలువునా కొద్దిగా సాగదీస్తారు. లెక్క శాతాల్లో ఉంది కనుక సాగదీసినా చుక్కకేమీ కాదు.

అంకెలు తారుమారైతే మాత్రం వేడుకే. హోసూరు అక్షాంశాన్ని రేఖాంశం గడిలో, రేఖాంశాన్ని అక్షాంశం గడిలో వేస్తే ఊరు ఉత్తర ధ్రువ ప్రాంతంలో, స్వాల్‌బార్డ్ పడమటి తీరం పక్కన సముద్రంలో తేలుతుంది. భారత పటం మీద ఆ లెక్క ఎడమకు మైనస్ 170 శాతం, పైకి మైనస్ 124 శాతం. అంటే చుక్క పటాన్ని వదిలేసి పేజీలో ఎక్కడికో ఎగిరిపోవాలి.

అన్నీ సరిగ్గా వేసినా ఒక ఇబ్బంది ఉంది. సమాచారపెట్టెలో భారత పటం వెడల్పు 250 పిక్సెళ్ళనుకుంటే ఒక్కో పిక్సెల్ నేల మీద 14 కిలోమీటర్లు. 8 పిక్సెళ్ళ చుక్క అంటే నూరు కిలోమీటర్ల పైచిలుకు. హోసూరు నుంచి యాభై కిలోమీటర్లున్న కృష్ణగిరి, అటువైపున్న బెంగళూరు రెండూ ఆ ఒక్క చుక్క కిందే దూరిపోతాయి. అదే వెడల్పులో తమిళనాడు పటం తీసుకుంటే హోసూరు, కృష్ణగిరి చుక్కల మధ్య అడ్డంగా సుమారు 20 పిక్సెళ్ళ ఎడం వస్తుంది. అందుకే రాష్ట్రానికో ఖాళీ పటం అవసరమైంది.

పటంలో అక్షరాలు లేకపోవడం కూడా పథకమే. పేరు కూడా చుక్కతోపాటు పేజీయే పైన పరుస్తుంది. ఒకే ఫైలు మీద తమిళ పేజీ తమిళంలో, కన్నడ పేజీ కన్నడంలో, తెలుగు పేజీ తెలుగులో హోసూరు అని రాసుకుంటాయి. మూడు భాషలూ వినబడే మా సరిహద్దు ఊళ్ళకు ఇంతకంటే అమరే పటం ఉండదు. ఈ ఫైళ్ళన్నీ చేరే వికీమీడియా కామన్స్ పుట్టింది 2004లో, కృష్ణగిరి జిల్లా పుట్టిన ఏడాదే. జర్మన్ వికీపీడియాలో పటాల కార్ఖానా లాంటి విభాగమే ఒకటి నడిచింది. సముద్రానికి ఏ నీలం వాడాలో కూడా తీర్మానించుకున్నారు: ఎరుపు 198, ఆకుపచ్చ 236, నీలం 255. గీతలు ఒకరివి, లెక్క రాసిన మూస (టెంప్లేటు) మరొకరిది, ఊరి అంకెలు ఇంకొకరివి. వీళ్ళు ఒకరి మొహం ఒకరు చూసి ఉండకపోవచ్చు.

అలాగని రంగు పటం ఓడిపోలేదు. జిల్లాకు చుక్క పెడితే అర్థం లేదు, అదొక వైశాల్యం. దానికి రంగే కావాలి. పాతబడే బాధా దానికి తప్పదు. 2019లో వేలూరును చీల్చి తిరుపత్తూరు జిల్లా చేసినప్పుడు కృష్ణగిరి తన గీత తాను కదపకపోయినా, పక్కింటి గోడ మారింది గనక దాని పటం పాతబడింది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఆ మండలాల బొమ్మల గతి చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 2012లో వికీడేటా వచ్చింది, తర్వాత ఊళ్ళ అంకెలను ఒకచోట చేర్చింది. 2013లో లువా అనే ప్రోగ్రామింగ్ భాష వికీపీడియాలోకి వచ్చి మూసల్లోని లెక్కలు వేగంగా సాగాయి. ఇప్పుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా వేలితో జరుపుకునే పటాలూ పేజీల్లోకి వచ్చాయి.

చుక్క విషయంలో నాకు మిగిలిన తగువు ఒక్కటే. దశాంశం తర్వాత నాలుగు అంకెలు వేస్తే 11 మీటర్ల మేరకు చోటు చెప్పినట్టు. 2019లో నగరపాలక సంస్థ అయిన హోసూరుకు ఆ 11 మీటర్లు ఎక్కడ? కార్యాలయం దగ్గరా, బస్టాండులోనా, చంద్రచూడేశ్వరస్వామి కొండ మీదా? నా ఓటు బస్టాండుకే. కొండకు ఓటు వేసేవాళ్ళతో పోట్లాడను. రాష్ట్ర పటం మీద ఆ తేడా చుక్క అంచు కూడా దాటదు.