గంజి పిండిలోంచి గాజులు: కాయను ఆపుతాయి, పండిస్తాయి కూడా

నగరి వైపు మామిడి రైతుకు కోత రోజుల్లో ఒకటే దిగులు. కోసిన కాయ ఆగదు. ఈరోజు లారీ రాకపోయినా, మండీలో రెండు రోజులు ధర పడినా బేనీషా గంపలోనే మెత్తబడుతుంది. 2025 జూన్‌లో తోతాపురికి ఏమైందో జిల్లా అంతా చూసింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దానికి తాను 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

కాయను కొన్ని రోజులు ఆపగలిగితే? లేదా కార్బైడ్ ముట్టకుండా, మనకు కావలసిన రోజే పండించగలిగితే? ఈ రెండు పనులకూ ఉపయోగపడే వస్తువు ఒకటుంది. అది పిండి పదార్థం నుంచి పుడుతుంది. నగరి మరమగ్గాల పడుగు నూలుకు పెట్టే గంజిలో ఉండేదీ ఆ పిండి పదార్థమే.

గాజు ఎలా తయారవుతుంది?

పిండి పదార్థం అంటే గ్లూకోజ్ ముక్కలు వరుసగా తగులుకున్న పొడవాటి గొలుసు. స్ప్రింగులా మెలి తిరిగి ఉంటుంది. కొన్ని బాక్టీరియాలు విడుదల చేసే ఎంజైమ్ ఆ మెలికలో ఒక చుట్టును తుంచి, రెండు కొసలనూ కలిపేస్తుంది. అప్పుడు ఆరు, ఏడు లేదా ఎనిమిది గ్లూకోజ్‌లతో గాజులాంటి అణువు తయారవుతుంది. దీని పేరు సైక్లోడెక్స్ట్రిన్. 1891లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుడు విలియర్స్ దీన్ని మొదట గుర్తించాడు. ఆరు గ్లూకోజ్‌ల గాజుకు లోపలి బొక్క ఎంతంటే, మీటరును 200 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత.

ఈ గాజు బయటి వైపు నీళ్లతో కలిసిపోతుంది. లోపలి వైపుకు నీళ్లంటే అంతగా పడదు. కాబట్టి నీళ్లంటే పడని చిన్న అణువేదైనా దగ్గరికి వస్తే లోపలికి దూరి కూర్చుంటుంది. జిగురేమీ అక్కర్లేదు.

దారంలాంటి పొడవాటి అణువు దొరికితే ఇంకో తమాషా జరుగుతుంది. గాజులు వాటంతటవే దారానికెక్కి, గాజులమ్మేవాళ్ల మలారంలాగా వరుసగా పేర్చుకుంటాయి. జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో అకిరా హరాడా 1990లో దీన్ని చూపించాడు. తేటగా ఉన్న రెండు ద్రావణాలు కలిపితే తెల్లటి పదార్థం అడుగుకు దిగింది. ఆ గాజులను ఎవరూ గుచ్చలేదు. ఇలా అణువులు గట్టి బంధాలు లేకుండా, పక్కపక్కన చేరి నిలిచే గొలుసులనే సూప్రామాలిక్యులర్ పాలిమర్లు అంటున్నారు. ప్లాస్టిక్ గొలుసు తెగితే తెగిందే. ఇవి అలా కాదు, వేడి తగిలితే విడిపోతాయి, చల్లబడితే మళ్లీ చేరతాయి. మన హైదరాబాద్ ఐఐసీటీలో కూడా కె. రామారావు బృందం ఏడు గ్లూకోజ్‌ల గాజును వాడి, రసాయన చర్యలను మామూలు నీళ్లలోనే జరిపించింది.

మామిడికి ఏం సంబంధం?

కాయ పండటానికి ఇథిలీన్ గ్యాస్ కారణం. దాన్ని కాయే తయారు చేసుకుంటుంది. గంపలో ఒకటి పండితే చుట్టూ ఉన్నవీ పండేది అందుకే. అమెరికాలో సిస్లర్, బ్లాంకెన్‌షిప్ అనే శాస్త్రజ్ఞులు వన్-ఎంసీపీ అనే గ్యాస్‌ను కనిపెట్టారు. 1996లో పేటెంటు వచ్చింది. ఇది కాయలో ఇథిలీన్ కూర్చోవలసిన చోటును ముందే ఆక్రమిస్తుంది. ఇథిలీన్ వచ్చినా పని జరగదు. చిక్కేమిటంటే ఈ గ్యాస్‌ను విడిగా నిల్వ చేయడం కష్టం. అందుకని ఆరు గ్లూకోజ్‌ల గాజులో దాచి పొడి చేశారు. ఒక రకం పొడిలో గ్యాస్ 3.3 శాతమే. పొడిని నీళ్లలో కలపగానే గాజు గ్యాస్‌ను వదిలేస్తుంది. అమెరికాలో ఆపిల్ నిల్వకు 2002 నుంచి దీన్ని వాడుతున్నారు.

అదే గాజులో ఇథిలీన్‌ను నింపితే? ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ పొడితో మామిడి కాయలనే పండించి చూశారు. కార్బైడ్ సంగతి వేరు. తడి తగిలితే దాంట్లోంచి ఎసిటిలీన్ వస్తుంది, వెంట ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలూ వస్తాయి. అందుకే మన దేశంలో కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం. పది లక్షల పాళ్లలో 100 పాళ్ల వరకు ఇథిలీన్ గ్యాస్ వాడటానికి 2016లో అనుమతి వచ్చింది.

ఎవరికి పనికొస్తుంది?

ఉన్నమాట చెప్పాలంటే, ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లో నిలబడిన తోతాపురికి ఇది అక్కరకు రాదు. గాలి చొరబడని గదిలో 12 నుంచి 24 గంటలు ఉంచాలి. ఒక్క రైతు ఒక్కడే చేసే పని కాదు. పది మంది కలిసి ప్యాక్‌హౌస్ వాడుకునే చోట, దూరపు మార్కెట్‌కు పంపే బేనీషాకైతే ఆలోచించవచ్చు.

కాయ బాగా ముదిరి, ఇంకా పచ్చిగా ఉండగానే పెట్టాలి. మెత్తబడటం మొదలైందంటే పొడి దండగ. లేత కాయకు రుచి రాదు. మచ్చ తెగులు, సొన మరకలు దీనికి లొంగవు. ప్యాకెట్‌పై మామిడికి అనుమతి ఉందో లేదో ఉద్యాన అధికారికి చూపించి తెలుసుకోకుండా కొనకండి. గది మూయడానికి ముందే ప్యాకెట్ విప్పవద్దు. గాలిలోని తేమ తగిలినా గాజులు గ్యాస్‌ను వదిలేస్తాయి.