కోడి కూయక ముందే కొనుగోళ్లు

థాంక్స్‌గివింగ్ మర్నాడు అమెరికాలో బేరాల పండుగ. ఆ తెల్లవారుజాము సరదాకు తొందరే చేటు తెచ్చింది

నవంబర్ నాలుగో గురువారం అమెరికాలో ఇంటిల్లిపాదీ ఒకచోట చేరే రోజు. టర్కీ కోడి విందు ముగిశాక 2000 దశకంలో చాలా ఇళ్లలో రెండో కార్యక్రమం మొదలయ్యేది. ఆ రోజు పత్రికలో వార్తల కన్నా ప్రకటనల కాగితాల బరువే ఎక్కువ. వాటిని పరుచుకుని ఏ దుకాణం ఎన్నింటికి తెరుస్తారో, ఎవరు ఏ వరుసలో నిలబడాలో పంచుకునేవారు. తెల్లవారుజామున మూడింటికల్లా మందపాటి కోట్లు, మడత కుర్చీలు, కాఫీ ఫ్లాస్కులతో దుకాణాల ముందు బారులు. నాలుగుకో, అయిదుకో తలుపులు తెరిస్తే పరుగే పరుగు. అదే బ్లాక్ ఫ్రైడే.

తల్లీకూతుళ్లకు, అక్కచెల్లెళ్లకు ఇది ఏటా తప్పని ఆనవాయితీ. ముక్కూ మొహం తెలియనివారు కూడా ఒకరి చోటు ఒకరు కాపాడుతూ కబుర్లలో పడతారు. ఎడిసన్, డాలస్ వంటి చోట్ల తెలుగు విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ ఈ వరుసల్లో కలిశారు. డిసెంబర్‌లో ఇంటికి వెళ్లేవారికి తమ్ముడికి ల్యాప్‌టాప్, బావకు కెమెరా కొనే అదను అదే. అభిమాన హీరో సినిమా తొలి ఆట కోసం చీకటితో లేచిన అనుభవం ఉన్నవారికి ఈ హడావుడి కొత్తేమీ కాదు.

దుకాణదారు లెక్క వేరు. ఒకటి రెండు వస్తువులను కొన్న ధర కన్నా తక్కువకే ఇచ్చి జనాన్ని లోపలికి రప్పిస్తాడు. వచ్చినవారు కొనే మిగతా సరుకుల మీద లాభం రాబట్టుకుంటాడు. ఆ చవక సరుకు కొద్దిగానే ఉంటుందన్న సంగతి ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. తొక్కిసలాటకు మూలం అదే. 2008లో న్యూయార్క్ సమీపంలోని వ్యాలీ స్ట్రీమ్‌లో వాల్‌మార్ట్ తలుపులు బద్దలు కొట్టుకుని దూసుకొచ్చిన జనం కాళ్ల కింద 34 ఏళ్ల తాత్కాలిక ఉద్యోగి నలిగి చనిపోయాడు. ఆ తర్వాత కార్మిక భద్రతా విభాగం జనాన్ని అదుపు చేయడంపై దుకాణాలకు మార్గదర్శకాలు జారీ చేసింది. వరుసలో ఉన్నవారికి ముందే టికెట్లు పంచే పద్ధతి పెరిగింది.

ఈ పండుగపై వ్యాపారుల కన్ను పాతదే. అమ్మకాలకు మరో వారం దొరుకుతుందన్న వారి విన్నపంపై అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1939లో థాంక్స్‌గివింగ్‌ను వారం ముందుకు జరిపారు. కొన్ని రాష్ట్రాలు ససేమిరా అనడంతో దేశానికి రెండు పండుగలయ్యాయి. 1941లో చట్టం చేసి నాలుగో గురువారాన్ని ఖాయం చేశాక గానీ గొడవ సద్దుమణగలేదు. ఇక పేరులోని నలుపు ఫిలడెల్ఫియా పోలీసుల విసుగు నుంచి పుట్టింది. ఆ శుక్రవారం నగరాన్ని ముంచెత్తే జనంతో, వాహనాలతో వేగలేక వారు పెట్టిన పేరది. వ్యాపారుల ఖాతాలు ఎర్ర సిరా నుంచి నల్ల సిరాకు మారే రోజన్న కథ 1980లలో ప్రచారంలోకి వచ్చింది.

పోటీ ముదిరి తలుపులు ఇంకా ముందే తెరుచుకున్నాయి. 2011లో పెద్ద దుకాణాలు కొన్ని అర్ధరాత్రికే తెరవగా, వాల్‌మార్ట్ గురువారం రాత్రి పదింటికే అమ్మకాలు మొదలుపెట్టింది. తర్వాతి ఏళ్లలో అది సాయంత్రానికి పాకింది. దాంతో ఉద్యోగులకు విందు దక్కలేదు. కొందరు వినతిపత్రాలతో నిరసన తెలిపారు. మసాచుసెట్స్, మెయిన్, రోడ్ ఐలండ్‌లలో మాత్రం పాత చట్టాలు పెద్ద దుకాణాలను ఆ రోజు మూసే ఉంచాయి. చివరికి 2020లో కొవిడ్ వేళ పెద్ద సంస్థలు గురువారం సెలవు ఇచ్చాయి. ఇకపై ఎప్పుడూ ఇంతేనని 2021లో టార్గెట్ ప్రకటించింది.

ఈలోగా బేరాలు ఇంటర్నెట్‌కు ఎక్కి నవంబర్ నెలంతా పరుచుకున్నాయి. మంచం దిగకుండానే టీవీ కొనవచ్చు. అయినా శుక్రవారం చీకటితో బయల్దేరేవారు ఇంకా ఉన్నారు. వారికి ఆదా అయ్యే డాలర్లు సగం లాభమే. మిగతా సగం చలిలో నలుగురితో కలిసి నిలబడటంలో ఉంది. అయితే ముందు రాత్రి దుకాణం మూసి ఉండి, లోపలివారు కూడా ఇంట్లో భోంచేసి వస్తేనే ఆ తెల్లవారుజాముకు రుచి.