తమ్ముడి కాలులో తెల్ల నూక

ఉగాది మరునాడు మా కైరుప్పలలో పిడకల సమరం. వీరభద్రస్వామి, కాళమ్మల పేరు మీద ఊరు రెండుగా చీలి పిడకలు విసురుకుంటుంది. దెబ్బ తగిలితే విభూతి రాసుకుంటాం. ఎముక విరిగితే మాత్రం ఆదోని ఆసుపత్రికి బస్సు ఎక్కాల్సిందే.

మా తమ్ముడికి ఎముక విరిగింది సమరంలో కాదు, పత్తి లారీ మీది నుంచి పడి. మోకాలి కింద పెద్దెముక పైభాగం లోపలికి కుంగిపోయింది. దాన్ని పైకి లేపితే కింద గుంత మిగులుతుంది. తుంటి ఎముక నుంచి కొంత తీసి ఆ గుంతలో నింపడం పాత పద్ధతి. అందులో బతికున్న సొంత కణాలుంటాయి కాబట్టి నేటికీ దానికి సాటి లేదు. కానీ ఇంకో కోత, ఇంకో నొప్పి. అందుకే డాక్టరు గారు చిన్న సీసా చూపించారు. లోపల జొన్న నూకలాంటి తెల్లని పలుకులు. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అట.

"ఏందన్నా, ఈ సున్నం నా ఎముకవుతుందా?" అన్నాడు తమ్ముడు.

బడిలో జీవశాస్త్రం చెప్పే నాకూ వెంటనే జవాబు రాలేదు. తర్వాత డాక్టరు గారిని అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. నూక ఎముక కాదు. ఎముక కట్టేది కణాలే.

గుంతలో పోయగానే పలుకులు నెత్తురులో తడుస్తాయి. నెత్తురులోని ప్రోటీన్లు వాటికి అంటుకుంటాయి. మూలుగ నుంచి వచ్చిన మూలకణాలు పట్టుకునేది ఆ ప్రోటీన్ పొరనే. గరుకు చోట అవి కాళ్లు చాపి పరుచుకుని, ఎముక కట్టే ఆస్టియోబ్లాస్టులుగా మారతాయి. ముందు కొల్లాజెన్ నారలు అల్లుతాయి, తర్వాత ఆ నారల మీద ఖనిజం పేరుకుంటుంది. ఇంకోపక్క ఆస్టియోక్లాస్టులనే పెద్ద కణాలు పలుకుకు గట్టిగా అతుక్కుని, ఆమ్లం వదిలి దాన్ని కరిగిస్తాయి. ఒకరు కరిగిస్తుంటే ఇంకొకరు కడతారు. ఆ పలుకుల్లో వెంట్రుక మందానికి మించిన రంధ్రాలుండాలి, అవి ఒకదానితో ఒకటి కలవాలి. లేకపోతే రక్తనాళాలు లోపలికి పోలేవు. రక్తం అందని చోట కణం బతకదు.

కరిగే వేగమూ ముఖ్యమే. 1892లోనే జర్మనీలో డ్రీస్మాన్ అనే సర్జన్ ఎముక గుంతల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపాడు. అది కొన్ని వారాల్లోనే కరిగిపోతుంది. కొత్త ఎముక అంత తొందరగా రాదు. హైడ్రాక్సీ అపటైట్ అనే ఇంకో పూరకం అయితే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌ది నడిమి దారి.

తమ్ముడు బీడీలు తాగేవాడు. పొగ రక్తనాళాలను బిగిస్తుంది, ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది. ఎంత ఖరీదైన నూక పోసినా ఆకలితో ఉన్న కణం పనిచేయదని చెప్పి, ఆసుపత్రిలోనే మానిపించాను. మీ ఇంట్లో ఎవరికైనా ఎముక విరిగితే, ముందు వాళ్ల జేబులోంచి బీడీ కట్ట తీసేయండి.