గినీ పందితో ప్రయాణం

బాలలారా! పేరు విని దీనిని పంది అనుకోకండి. గినీ పంది ఎలుక, ఉడుతల వలె కొరికి తినే చిన్న జంతువు. గినీ దేశమూ దీని పుట్టిల్లు కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల ప్రజలు వేల ఏండ్ల క్రితమే దీనిని మచ్చిక చేసుకున్నారు. 16వ శతాబ్దంలో ఇది ఐరోపా చేరింది. నేడు మన మలేసియాలోనూ పిల్లలు దీనిని ముద్దుగా పెంచుకుంటున్నారు.

ఉగాదికి కౌలాలంపూర్ నుండి బాగన్ దాతూలోని తాతగారింటికి వెళ్ళాలి. వారం క్రితమే ఇంటికి వచ్చిన గినీ పందిని ఏమి చేయాలి?

వీలైతే దానిని తెలిసినవారికి అప్పగించి వెళ్ళడమే మేలు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త వాసనలు - వీటికి అలవాటు పడడానికి దానికి కొన్ని రోజులు పడుతుంది. భయం వేస్తే అది కదలక మెదలక బిగుసుకుపోతుంది. ఊరక కూర్చున్నది కాబట్టి సుఖంగా ఉన్నదని అనుకోరాదు.

తప్పక తీసుకువెళ్ళవలసి వస్తే, గాలి ఆడే గట్టి పెట్టె కావాలి. అడుగున తువాలు పరచి, ఎండుగడ్డి నిండుగా వేయాలి. జత ఉంటే రెండింటినీ ఒకే పెట్టెలో ఉంచితే ధైర్యంగా ఉంటాయి. కారులో పెట్టె కదలకుండా చూడాలి. దానిపై ఎండ పడరాదు. ఏసీ గాలి నేరుగా తగలరాదు.

గినీ పంది పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. దాని పేగులు కూడా ఆగకుండా పనిచేయాలి. ఒక పూట తినకపోయినా ప్రమాదమే. మనకు వలెనే దాని శరీరం కూడా సి విటమిన్‌ను తయారు చేసుకోలేదు. అందుకే బుట్ట మిరపకాయ ముక్కలు పెట్టాలి. కారు కుదుపులకు నీళ్ళ సీసా కారిపోతుంది. కనుక దారిలో కీర దోసకాయ ముక్కలు పెట్టి, ఆగిన చోట నీళ్ళు పట్టాలి.

అన్నిటికంటె పెద్ద శత్రువు వేడి. గినీ పందికి 18 నుండి 24 డిగ్రీల చల్లదనం హాయి. మనకు వలె చెమట పట్టి దాని ఒళ్ళు చల్లబడదు. ఎండలో ఆపిన కారు లోపల అరగంటలోనే వేడి 45 డిగ్రీలు దాటవచ్చు. అద్దాలు కొద్దిగా దించినా లాభం ఉండదు. భోజనానికి ఆగినపుడు పెట్టెను కూడా వెంట తీసుకువెళ్ళండి, లేదా ఒకరు కారులో ఏసీ వేసుకుని తోడుండండి. అది రొప్పుతూ, చొంగ కారుస్తూ వాలిపోతే వెంటనే చల్లని చోటికి చేర్చి, చల్లని నీటితో చెవులు, పాదాలు తడిపి, పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. మంచునీళ్ళు పోయరాదు.

ఊరు చేరగానే అందరూ దానిని ఎత్తుకోవాలని చూస్తారు. ఆ రోజుకు వద్దని చెప్పండి. సందడి లేని మూల ఉంచి, గడ్డి తింటున్నదా, పెంటికలు వేస్తున్నదా అని గమనించండి. నోరులేని జీవికి మన కళ్ళే కాపలా.

ప్రశ్నలు
1. గినీ పందికి గడ్డి ఎందుకు అవసరం?
2. ఎండలో ఆపిన కారులో దానిని ఎందుకు వదలరాదు?