ట్రక్కు ఎత్తే జాకీకి ఎంత బలం కావాలి?

ట్రాక్టరు ట్రక్కును ఊళ్ళోనే చేయించుకుంటున్నారా? సరుకుతో కలిపి తొట్టి బరువు 3 టన్నులైతే 3 టన్నుల హైడ్రాలిక్ జాకీ చాలదు. తొట్టి పొడవు 3 మీటర్లు, బరువు అంతటా సమానం, వెనుక కీలు నుంచి 1.5 మీటర్ల దూరంలో జాకీ బిగించారనుకోండి. మొదట్లో జాకీ తొట్టికి 15 డిగ్రీల కోణంలో ఉంటే సుమారు 11.6 టన్నుల బలం కావాలి. 30 డిగ్రీలైతే 6 టన్నులు చాలు. జాకీ పడుకున్నకొద్దీ దాని బలంలో ఎక్కువ భాగం తొట్టిని ఎత్తడానికి కాక, పొడవునా నెట్టడానికే పోతుంది.

అందుకే ఇనుము కోయకముందే జియోజీబ్రా వంటి సాఫ్ట్‌వేరులో కీలునూ, జాకీ రెండు కొసలనూ బిందువులుగా గుర్తించండి. వాటిని జరిపి చూస్తే కోణం, జాకీ సాగవలసిన పొడవు తెరమీదే తెలుస్తాయి. వెల్డింగు పటుత్వాన్ని మాత్రం ఆ బొమ్మ చెప్పదు. ఎత్తిన తొట్టికి గట్టి ఊతం పెట్టనిదే కిందికి ఎవరూ వెళ్ళరాదు.