చంద్రగిరి నుండి నాగసాకికి: యేసు సభలో విధేయత, హతసాక్ష్యము

ప్రొటెస్టెంటు సంఘాలలో మనము హతసాక్షి అంటాము, కతోలికులు వేదసాక్షి అంటారు. రెండు మాటలలోను ఉన్నది సాక్షి. అయినను మన ప్రసంగాలలో ఎక్కువగా వినిపించేది చావు గురించే. చావుకు ముందటి దీర్ఘకాల విధేయత ఎట్టిదో తెలుగు నేలపై పనిచేసిన ఒక గురువు జీవితము ఆధారముగా ఈ వ్యాసములో పరిశీలించదలచాము.

యేసు సభను పోపు మూడవ పౌలు 1540లో ఆమోదించారు. దాని స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా 1553లో పోర్చుగల్ లోని సభ్యులకు వ్రాసిన లేఖలో విధేయతకు మూడు మెట్లు చూపారు: ఆజ్ఞాపించిన పని చేయడము, పెద్దల చిత్తమును తన చిత్తముగా చేసికొనడము, చివరకు తన ఆలోచనను సయితము లోబరచడము. సభ నియమావళిలో సభ్యుని శవముతో పోల్చిన మాట కూడా ఉన్నది. ఇది విని కొందరు భయపడతారు. అయితే పాపము కనబడిన చోట లోబడనక్కరలేదని ఆ నియమావళి అంగీకరిస్తుంది. ప్రార్థించిన తరువాత తన అభ్యంతరమును పెద్దలకు చెప్పుకొనవచ్చునని అదే లేఖ అనుమతిస్తుంది. విధేయత పేరుతో సంఘములో నోళ్లు మూయించేవారు ఈ భాగమును కూడా చదవాలని మా మనవి.

అంతోనియో రుబీనో 1578లో ఇటలీలోని ట్యూరిన్ ప్రాంతములో జన్మించారు. 1602లో భారతదేశమునకు వచ్చి, విజయనగర రాజైన రెండవ వేంకటపతి రాయల కాలములో చంద్రగిరిలో పనిచేశారు. ఇక్కడి పండితుల ఖగోళ గణితమును గూర్చి ఐరోపాకు లేఖలు వ్రాశారు. రాజాదరణ దొరికింది గాని సంఘము పెరగలేదు. సువార్త పనిలో ఫలము లెక్కించి చూపవలసిన ఒత్తిడి ఎరిగిన కాపరులకు ఆ సంవత్సరాల బరువు అర్థమవుతుంది. బలిదానము అక్కడే మొదలైనదని మా అభిప్రాయము.

చాలా ఏండ్ల తరువాత ఆయన జపాను, చైనా మిషనులకు సందర్శక అధికారి అయ్యారు. జపానులో 1614 నుండి క్రైస్తవ్యము నిషిద్ధము. అక్కడ సభకు పెద్దగా ఉన్న క్రిస్తోవావ్ ఫెరైరా 1633లో, గుంటలో తలక్రిందులుగా వ్రేలాడదీసిన హింసకు తాళలేక విశ్వాసము విడిచారు. 1642లో రుబీనో నలుగురు గురువులతోను, మరికొందరు సహచరులతోను మారువేషములో జపాను చేరి, వెంటనే పట్టుబడ్డారు. నాగసాకిలో నెలల తరబడి నీటి హింస అనుభవించి, 1643 మార్చిలో అదే గుంట శిక్షలో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 65 ఏండ్లు.

ఒక చిక్కు ప్రశ్న మిగిలింది. ఆ ప్రాంతములో రుబీనోయే పై అధికారి. మరి ఈ ప్రయాణము విధేయతా, లేక హతసాక్ష్యమును కోరిన మనస్సా? రెండును కలిసే ఉన్నవని మాకు తోచుచున్నది. ఫెరైరా విషయములో తొందరపడి తీర్పు చెప్పలేము. 1609లో జపాను చేరిన ఆయన 24 ఏండ్లు, అందులో అధిక భాగము నిషేధము క్రిందనే, లోబడి సేవచేశారు. 1643లో పెద్రో మార్కెస్ నాయకత్వములో వెళ్లిన రెండవ బృందములోని గురువులకు కూడా అదే శిక్షణ, అదే ప్రమాణము. హింసలో వారు లొంగిపోయారు.